ఎడమ వెనక తలుపు

పెళ్లికి ముందు ఆమెని రెండే సార్లు చూసి సరేననేసిన మనిషి, ఈ రెండు కార్లని మాత్రం ఐదు నెలలుగా చూస్తూనే ఉన్నాడు. ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. రెండూ చిన్నవే, రెండూ ఖరీదైనవే. నిలబెట్టి ఉన్నా పరుగుపందేనికి సిద్ధమైనట్టు ముందుకు వంగి ఉంటాయి. భోజనాల బల్ల మీద కూర గిన్నె పక్కన నోటుపుస్తకం, అందులో మార్కులు.

"మలుపుల్లో ఎర్రదానికి తొమ్మిది. సీటు విషయంలో నీలిదానికి ఎనిమిదిన్నర," అన్నాడు భర్త.

"ఆ మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయింది?" అడిగింది ఆమె.

"నడుం దగ్గర కొంచెం బిగువు."

"అది సీటు తప్పు కాదేమో లెండి."

కూతురు కంచంలోకి నవ్వింది.

"నవ్వండి, నవ్వండి. ఆరు సెకన్లలో వంద అందుకుంటుంది, తెలుసా?"

"అందుకుని మన వీధి చివర సిగ్నల్ దగ్గర ఆగుతుంది. అంతేగా?" అంది ఆమె.

ఆదివారం ముగ్గురూ షోరూమ్‌కి వెళ్లారు. నీలిదాన్ని అతను మూడోసారి నడిపి దిగాక, సేల్స్ కుర్రాడు తాళం ఆమె వైపు చాపాడు. "మేడం, మీరూ ఒక రౌండు వేసి రండి."

ఆమె చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది.

"ఆవిడా!" భర్త పెద్దగా నవ్వాడు. "బయట మా పాత కారుంది. దాని ఎడమ వెనక తలుపు చూసొచ్చి అప్పుడివ్వు తాళం!"

కుర్రాడు మర్యాదకి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుకి పదమూడేళ్ల సాధన ఉంది. వెనక తలుపు తీసి మధ్య సీట్లో కూర్చుని చూసింది. ఐదుగురు పడతారని కాగితంలో రాశారు గానీ, ఆ ఐదో మనిషికి కాళ్లుండకూడదని రాయలేదు.

పదమూడేళ్ల కిందట ఆమె రోజూ కారు నడిపేది. ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల, తాగునీరు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఒక సాయంత్రం జోరువానలో, ఐదేళ్ల కూతుర్ని బడి నుంచి ఎక్కించుకుని వచ్చి కారు గేటు లోపల పెట్టింది. తెల్లారి, చేతిలో పాల ప్యాకెట్లతోనే భర్త వాకిట్లోంచి కేకేశాడు. వెళ్లి చూస్తే తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. దానిమీద గేటు స్తంభం తెల్లసున్నం.

"నాకు చప్పుడే వినపడలేదండీ."

"ఆ వానలో ఏం వినపడుతుంది? పాప కూర్చునేది ఈ పక్కనే. ఇంకో జానెడు లోపలికొచ్చుంటే?"

ఆ జానెడు ఆమెని నెలరోజులు నిద్రపోనివ్వలేదు. తాళం తనే తెచ్చి అతని చేతిలో పెట్టింది. ల్యాబుకి బస్సు లేదు, ఉద్యోగం పోయింది. తలుపు మాత్రం అతను బాగుచేయించలేదు. "ఉండనీ, గుర్తుంటుంది," అన్నాడు.

చివరికి నీలిదే గెలిచింది, అర మార్కు తేడాతో. పాతదాన్ని మార్పిడి కింద ఇచ్చెయ్యాలి. అదే వారంలో ల్యాబు పెద్దాయన ఫోన్ చేశాడు. ఖాళీ ఉందనీ, శుక్రవారం లోపు చెప్పమనీ.

"పాత కారు ఇచ్చెయ్యకండి," అంది ఆమె ఆ రాత్రి. "మెల్లగా నేర్చుకుంటాను మళ్లీ."

అతను పెన్ను మూసి పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు. "మళ్లీ ఎవరి ప్రాణం మీదికి తెస్తావు?"

"ఒక్కసారి గుద్దితే యావజ్జీవమా నాన్నా?" అంది కూతురు.

"గుద్దింది నీ పక్కనే. నువ్వు మాట్లాడకు."

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ల్యాబుకి ఫోన్ చేసి రాలేనని చెప్పింది.

"ఏమ్మా, ఏమైంది?"

"నాకు కారు నడపడం రాదండీ."

"నీకా!" పెద్దాయన నవ్వాడు. "మన ల్యాబు ఇరుకు గేటులో ఒక్క గీత పడకుండా కారు పెట్టింది నువ్వొక్కదానివే కదమ్మా."

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రమే నీలి కారు వచ్చింది. పక్కింటివాళ్లు మేడ మీదికొచ్చి మరీ చూస్తున్నారు. నాలుగు వైపులా కెమెరాలు, ఏది దగ్గరకొచ్చినా కూసే యంత్రాలు. అతను ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, రెండో చెయ్యి పక్కింటాయనకి ఊపుతూ గేటులోకి మలిపాడు. స్తంభానికి తగిలిన చప్పుడు వంటింట్లో గిన్నెల దాకా వినపడింది.

"ఈ సెన్సర్ ఆలస్యంగా కూసింది!" దిగుతూనే అన్నాడు. "అసలీ పూలకుండీ ఇక్కడెవరు పెట్టారు?"

"అది పదేళ్లుగా అక్కడే ఉంది నాన్నా."

ఆమె వంగి చూసింది. ఎడమ వెనక తలుపు. అదే ఎత్తులో సొట్ట, అంతే పొడవు, అదే తెల్లసున్నం. పాత తలుపు ఊడదీసి దీనికి బిగించారా అన్నట్టుంది. అనడానికి పదమూడేళ్ల మాటలు నాలుక చివరే ఉన్నాయి. కానీ అతను అప్పటికే మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"పోనీలెండి. ఎవరికైనా జరుగుతుంది. నాకూ ఇక్కడే కదా తగిలింది? మీకు చప్పుడన్నా వినపడింది, నాకు అదీ లేదు."

అతను గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"తప్పు నాదే," అన్నాడు.

ఆ మాట అతని నోట వినడం కూతురికి ఇదే మొదలు.

"సరే లెండి, తలుపేగా. బాగుచేయిస్తే పోతుంది."

"అది కాదు," అన్నాడతను, ఆమెని కాకుండా స్తంభాన్ని చూస్తూ.

"ఆ పొద్దున పాలకి కారేసుకెళ్లొస్తూ ఆ పాతదాన్ని గుద్దింది కూడా నేనే."