చూపులు

కుక్కల మెడలకు మాట్లాడే పట్టీలు వచ్చాక, యజమానుల్ని కుక్కలే ఎంచుకుంటున్నాయి. కుక్కను పెంచుకుందామని వకుళ, శ్రీకర్ దంపతులు మొదట ఒక జాతికుక్క దగ్గరికి వెళ్లారు. అది సోఫాలో కూర్చుని, "మీ తాతగారేం చేసేవారు? ఇంట్లో ఏసీ గదులెన్ని?" అని ఆరా తీసి, "ఏ సంగతీ తర్వాత కబురు చేస్తాం" అంది.

శ్రీకర్‌కు తల కొట్టేసినట్టయింది. అక్కణ్ణుంచి అనాథ కుక్కల ఆశ్రమానికి వెళ్లారు. అక్కడ చెవి తెగిన ఊరకుక్క ఒకటి ఎదురొచ్చింది.

"పెరుగన్నం పెడతారా?"

"రోజూ పెడతాం" అంది వకుళ.

"అయితే పదండి."

కారెక్కాక అది శ్రీకర్ చొక్కా వాసన చూసింది.

"వేరే కుక్క వాసనొస్తోంది. కాదందా?"

శ్రీకర్ గబగబా చొక్కా దులుపుకున్నాడు.

"పర్లేదులెండి. నన్నూ నలుగురు వద్దన్నారు" అంటూ శ్రీకర్ ఒళ్లో తల పెట్టుకుంది.