రెండో మాత్ర

“ఇంకొకటి వేసుకో, తగ్గిపోతుంది,” అంటూ మందుల షాపాయన తన భార్య నోటి దగ్గర మాత్ర పెట్టాడు.

ఆమెకు ఏడో నెల. పొద్దున్నుంచీ నొప్పులు. ఒక మాత్ర అప్పటికే మింగింది. నొప్పి తగ్గలేదు సరికదా, గుండె దడదడలాడుతోంది. చేతులు వణుకుతున్నాయి.

“వద్దు!” అతని తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, మాత్ర లాక్కుని కిటికీలోంచి విసిరేసింది.

అతనికి ఒళ్లు మండిపోయింది. “నీకేమైనా పిచ్చా అమ్మా? షాపులో రోజూ అమ్మేదేగా!”

“అది ఆయాసానికిరా. ముందు కారు తీయి, ఆసుపత్రికి పోదాం.”

“దారిలోనే కాన్పయిపోతే? ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందా? నేను కడుపులో ఉన్నప్పుడు కూడా ఇలాగే నొప్పులొస్తే, నాన్న మన షాపులోంచి ఈ మాత్రలే తెచ్చి, వారాల తరబడి వేసి ఆపాడని ప్రతి పుట్టినరోజుకీ నువ్వే చెప్తావుగా!”

“చెప్పాను. ఇప్పుడు తాళాలు తీసుకో.”

మందుల షాపు పెట్టుకుని ప్రతిదానికీ డాక్టరు దగ్గరికి పరుగెత్తడమంటే ఆ ఇంట్లో నామోషీ. అయినా తల్లి మొహం చూశాక అతను తాళాలు అందుకున్నాడు.

వెనక సీట్లో తల్లి తన కోడలి మణికట్టు వదల్లేదు.

“అత్తయ్యా, గుండె నోట్లోకి వచ్చేస్తోంది. మీకూ ఇలాగే అయ్యిందా?”

“మాట్లాడకమ్మా. నేనున్నాగా.”

ముందు లారీ కదలదు. హారన్ మీదినుంచి అతను చెయ్యి తియ్యడు. అద్దంలో చూస్తే భార్య పెదాలు పాలిపోయి ఉన్నాయి. దేవుడా, ఇద్దరిలో ఏ ఒక్కరినీ తీసుకుపోకు అనుకున్నాడు.

ఆసుపత్రిలో చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

“గండం గడిచింది. తల్లీ, కడుపులో బిడ్డా బాగానే ఉన్నారు. ఆ మాత్ర ఎవరిచ్చారు?”

“నేనే,” అన్నాడతను.

“వాటితో నొప్పులు ఆగుతాయన్న నమ్మకం లేదు. గుండె లయ తప్పి ప్రాణం పోయిన తల్లులు మాత్రం ఉన్నారు. రెండోది వెయ్యలేదు, బతికిపోయారు.”

ఆవిడ వెళ్లిపోయింది. అతను బెంచీ మీద కూలబడ్డాడు. తల్లి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

“ఒక్క మాత్రకే తను ఇలా అయిపోయిందే... అన్ని వారాలు మింగి నువ్వెలా తట్టుకున్నావమ్మా?”

తల్లి అతని తల నిమిరింది.

“నేనెక్కడ మింగానురా... అవి మింగింది నిన్ను కన్న తల్లి, మా అక్క.”