నొప్పిని గద్దించిన ఫోను

సోదరా, కడుపునొప్పి వస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తావు? డాక్టరుకా, నాకా?

పరాయి దేశంలో డాక్టరు చదువుతున్న నా మేనకోడలు నాకే చేసింది. సెలవులకు ఊళ్లు చూడాలని ఒంటరిగా రైలెక్కి, దారిలో కడుపు పట్టుకుంది.

"మామయ్యా, కుడివైపు పొడిచేస్తోంది. అపెండిక్స్ అనుకుంటా. అమ్మకు చెప్పకు. వచ్చే స్టేషన్లో దిగి ఆసుపత్రికి వెళ్లనా?"

"ఆగవే తల్లీ! ముందు ఫోను కడుపు మీద పెట్టు."

మా ప్రార్థన సంఘంలో పాస్టరుగా నాది అదే పద్ధతి. దూరాన ఉన్న రోగికి ఫోనే నా చెయ్యి. గ్రంథం తెరిచి, గొంతు చించుకుని, ఆ నొప్పిని దిగిపొమ్మని గద్దించాను.

"మామయ్యా... పోయింది! ఒక్కసారిగా పోయింది!"

నేను గెంతాను. "స్తోత్రం! మీ ప్రొఫెసర్లకు చేతనవుతుందా ఇది?"

అటునుంచి ఏడుపు. "గెంతకు మామయ్యా! ఇలా ఒక్కసారిగా పోయిందంటే లోపల అపెండిక్స్ పగిలి ఉంటుంది. మొన్న పరీక్షలో నేనే రాశాను. గార్డును పిలుస్తున్నా, ఫోను పెట్టెయ్!"

మర్నాటిదాకా నాకు ముద్ద దిగలేదు. చివరికి ఫోనులో మూలుగు వినిపించింది.

"ఆపరేషన్ అయింది మామయ్యా. అబ్బా, కుట్లు ఒకటే నొప్పి!"

"స్తోత్రం!" అంటూ మోకాళ్ల మీద పడ్డాను. నొప్పి ఉన్నందుకు స్తోత్రం చెప్పడం నా జన్మలో అదే మొదలు.

కడుపునొప్పితో నా గుమ్మం ముందు కూర్చున్న సోదరులారా, ప్రార్థన మాననులెండి. ఆసుపత్రి వరండాలో చేస్తాను, నర్సు కసిరేదాకా చేస్తాను. లేవండి, ఈ రోజే, ఇప్పుడే బండెక్కండి!