ఎర్ర అక్షరాలు

"నా పెండ్లాం ఈడుందా లేదా? అదొక్కటి సెప్పు, సాలు."

ఈరేష్ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లకు మగ్గం పని నేర్పి, ఉండడానికి గది కూడా ఇచ్చే కేంద్రం అది, ఎమ్మిగనూరులో. ఊచలకు లోపలి వైపు కంప్యూటరు ముందు హేమలత కూర్చుని ఉంది. లోపలి గదిలో నూలు కండెలు చుడుతున్న రాట్నం చప్పుడు టక్కున ఆగిపోయింది.

"ఈడ ఎవరుండేదీ బయటోళ్లకు సెప్పం, అన్నా."

"నేను బయటోడినా? తాళి కట్టినోడినమ్మా!"

"ఎవరైనా సెప్పం."

"కౌతాళం కాడి నుంచి తిరుగుతాండా. కాళ్లరిగిపోయినాయి."

"అట్లయితే నీళ్లు తాగి పో."

అతను ఊచలు వదిలాడు. గొంతు మెత్తబడింది. "సరేలే. మా సెల్లెలు గూడా మగ్గం నేర్సుకుంటానంటాంది. దానికన్నా సీటిస్తారా, అదీ ఇయ్యరా?"

హేమలతకు జాలేసింది. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ కాగితం చూపించింది. "దాన్ని ఫోన్‌తో స్కాన్ చెయ్యన్నా, ఫారం వస్తాది. ఇంటికాడ కూసోనే నింపొచ్చు. తప్పు రాస్తే ఏం తప్పో ఎర్ర అక్షరాలతో తెలుగులోనే సెప్తాది. నేనే సేసినా. ముందైతే ‘ఎర్రర్’ అని ఒగ ముక్క వచ్చేది. హొళగుంద నుంచి వచ్చేటోళ్లు ఏందో తెలీక ఊరికే తిరిగేటోళ్లు, పాపం."

"ఒగవేళ ఫారం తీసుకోకుంటే?"

"ముందే సేరినోళ్లు మళ్లీ రాస్తే తీసుకోదు. ఎందుకు తీసుకోదో, అదీ సెప్తాది."

ఈరేష్ కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. ఫోన్ తీసి స్కాన్ చేసుకున్నాడు. "సల్లగుండు తల్లీ," అని వెళ్లిపోయాడు.

వార్డెన్ రుద్రమ్మ లోపలి నుంచి వచ్చింది. ఆమె వెనకే పుష్ప. నుదుటి మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చేతిలో కండె అలాగే ఉండిపోయింది.

"ఏం సెప్పినావే వానికి?"

"నోరు విప్పలేదక్కా. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు."

"మంచిపని సేసినావు. అయినా వాడు ఈ వీధి వదిలే రకం గాదు."

"ఈసారి దొరికితే సంపుతానని సెప్పే కొట్టినాడక్కా," అంది పుష్ప. "నేను యాడికి పోవాల?"

"మన నందవరం బ్రాంచికి పో. ఆడ ఉన్నావని దేవునికి గూడా తెలీదు."

వెనక గేటు దగ్గరికి ఆటో వచ్చింది. పుష్ప కొంగు ముఖం నిండా కప్పుకుని ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా రుద్రమ్మ గేటు దగ్గరే నిలబడి, తర్వాత గొళ్లెం పెట్టింది.

"ఈ మాట మనల్ని దాటి పోగూడదు హేమా."

"పోదక్కా. కంప్యూటర్లో పుష్ప గది మార్చేదా? లేకుంటే బియ్యం పంపేటప్పుడు లెక్క తప్పుతాది మళ్లా."

"మార్చు. గానీ ఎవరన్నా సూస్తారేమో!"

"నా పాస్‌వర్డ్ లేకుండా ఎవరు సూస్తారక్కా?"

హేమలత గది మార్చి, కంప్యూటరు కట్టేసి, తలుపుకు తాళం కూడా వేసింది. కప్పను రెండుసార్లు లాగి చూసుకుంది.

బస్టాండులో టీ కొట్టు బెంచీ మీద ఈరేష్ ఫోన్ తెరిచాడు. అతనికి చెల్లెలు లేదు. జేబులోంచి మడతలు పడిన జిరాక్సు కాగితం తీశాడు. అది పుష్ప ఆధార్ కార్డుది. దాన్ని మోకాలి మీద పరుచుకుని, ఒక్కొక్క అంకె చూసుకుంటూ ఫారంలో కొట్టి, కింద మీట నొక్కాడు.

ఫారం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఎర్ర అక్షరాలతో, తెలుగులో, విడమర్చి చెప్పింది:

"పుష్ప గారూ, ఈ ఆధార్ నంబరుతో మీరు ఇప్పటికే చేరి ఉన్నారు. ఈ రోజు నుంచి మీ గది నందవరం శాఖలో, మేడ మీద. ఇంక మీరు ఎక్కడా తిరగాల్సిన పని లేదు."