కత్తిరించిన ముక్క

"ఈ రాత్రి మీరు మా డ్రైవిన్ సినిమాకి రావద్దు, మిసెస్ హాస్కెల్," అన్నాడు వెండెల్, తలుపు తెరుచుకుందో లేదో.

లోర్నా హాస్కెల్ చేతిలో సూపు గరిటె ఉంది. తనే అతని దగ్గరికి బయల్దేరబోతున్నాననీ, ఇంట్లో ఆయనకు నాలుగు చెంచాలు తాగించి కోటు వేసుకుందామనుకునేలోగా అతనే ఊడిపడ్డాడనీ అంది. లోపలికి రమ్మని మాత్రం అనలేదు.

మర్యాదగా మాట్లాడాలని దారి పొడుగునా తనకు తానే చెప్పుకుంటూ వచ్చాడు వెండెల్. మెట్టు మీద పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న గుమ్మడికాయను చూడగానే ఆ మర్యాద కాస్తా ఆవిరైపోయింది. దయ్యాల పండక్కి గుమ్మడికాయ చెక్కి గుమ్మంలో పెట్టుకోవచ్చు గానీ, దయ్యాల సినిమా కూడదా ఈవిడకు?

నిన్న రాత్రి ఆవిడ చేసిన పని ఊరంతా చూసింది. మైదానం నిండా కార్లు. ప్రతి కారులోనూ దుప్పట్లు కప్పుకుని ఒకరినొకరు పట్టుకుని కూర్చున్న జనం. తెరమీద 'దిష్టిబొమ్మ లేచింది', ఈ ఊరి మొక్కజొన్న చేలల్లోనే, ఈ ఊరివాళ్ళతోనే ఎప్పుడో తీసిన సినిమా. ప్రతి అక్టోబరులో అదే సినిమా, అదే భయం. సరిగ్గా గుండెలు చిక్కబట్టుకునే సమయానికి ఈవిడ కారు హారన్ మీద చెయ్యి పెట్టి, తీస్తే ఒట్టు. ముందు కెవ్వుమన్నారు, తర్వాత నవ్వారు. ఆ నవ్వు మరి ఆగలేదు. భయపడదామని వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. భయం అమ్ముకునేవాడికి అంతకన్నా అవమానం ఏముంటుంది?

ఈ రాత్రితో ఈ ఏటి ఆటలు ఆఖరు. తర్వాత మంచు, మళ్ళీ మే నెల దాకా తెర మూత. ఈ ఒక్క రాత్రీ కూడా పాడైతే చలికాలం ఎలా గడుస్తుందో అతనికే తెలియదు. ఆ సంగతి గట్టిగానే చెప్పాడు.

"గొంతు తగ్గించు. ఆయన తింటున్నాడు," అంది లోర్నా.

వెండెల్ గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గించలేదు. ఏటేటా మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వస్తారు, మొదలైన దగ్గర్నుంచీ కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుంటారు, సగంలో కారు తిప్పుకుని పోతారు, మిమ్మల్నెవరు రమ్మన్నారని అడిగాడు. నచ్చనివాళ్ళు ఇంట్లో యాపిల్ కేకు తింటూ కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు కదా అన్నాడు.

"నచ్చకపోవడం కాదు, నాకు అసహ్యం," అంది ఆవిడ. "మనిషిని నరకడం ఏం వేడుక? అది చూస్తూ మొక్కజొన్న పేలాలు నమలడం ఏమిటి? బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా? అయినా నేను హారన్ కొట్టింది అందుకు కాదు. నువ్వు చేసిన పనికి..."

"ఇంకేం చెయ్యమంటారు నన్ను?" వెండెల్ మాట పూర్తి కానివ్వలేదు. "గడ్డికొట్టంలో గొడ్డలివేటు మరీ ఘోరంగా ఉంది, పిల్లలు చూడకూడదు అన్నది మీ చర్చి ఆడవాళ్ళే కదా. ఉన్నది ఒక్కటే ప్రింటు. మా నాన్న బతికినన్నాళ్ళూ దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాడు. మీ అందరి మాటా విని నిన్ననే నా చేత్తో నేనే కత్తెర పెట్టి ఆ ముక్క తీసేశాను. అప్పటికీ మీ కడుపు నిండలేదా?"

లోర్నా గరిటె దించింది.

"కత్తిరించిన ముక్క ఏం చేశావు?"

వెండెల్‌కు ఒళ్ళు మండింది. చంపింది చాలక, పూడ్చారో లేదో కూడా చూసుకుంటుందన్నమాట. నిజానికి ఆ ముక్కను పారెయ్యడానికి చేతులు రాక, చుట్టచుట్టి సినిమా మెషిను గదిలో కాఫీ డబ్బాలో దాచాడు. ఆ మాట ఈవిడకు చెబితే ఇంకేమైనా ఉందా?

"రాలిన ఆకులతో పాటు తగలబెట్టేశాను. ఇప్పటికైనా చల్లబడ్డారా?"

ఆవిడ మెల్లగా పక్కనున్న కుర్చీలో కూలబడి, అంటుకున్నదేమీ లేని గరిటెను ఏప్రన్‌తో తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తోంది. ఆవిడ ఇంకో నాలుగు మాటలు అంటుందనీ, తనూ నాలుగు అందామనీ సిద్ధపడ్డ వెండెల్ ఆ గరిటెనే చూస్తూ నిలబడ్డాడు.

లోపలినుంచి మగగొంతు పిలిచింది. "ఏమండీ, ఈ ఫోటోలో పెళ్ళికూతురి పక్కన ఉన్నది ఎవరండీ?"

"నువ్వే, క్లైడ్," అంది లోర్నా, తల తిప్పకుండానే.

"కాదులెండి. నేను కాదు," అన్నాడాయన, ఎదుటివాళ్ళను నొప్పించడం ఇష్టం లేనట్టు, ఎంతో మర్యాదగా.

వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అద్దం చూపించినా అదే మాట," అంది లోర్నా. "ఎన్ని ఫోటోలు తీసి ముందు పెట్టినా తనెవరో తనకు తెలియదు, నేనెవరో అంతకన్నా తెలియదు. ఏడాది మొత్తంలో ఒక్కసారి, నీ తెరమీద గడ్డికొట్టంలో గొడ్డలివేటుకు పడిపోయే ఆ కుర్రాణ్ణి చూసినప్పుడు మాత్రం, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, 'లోర్నా, అది నేనే' అంటాడు."