దెబ్బ ఒప్పుకోని ఎలుగు పిల్ల

అడవిలో పిల్లలన్నీ పాతకాలపు సైనికుల్లా తలకు సొరబుర్రలు తొడుక్కుని, వెదురు కత్తులతో పోటీ పడుతున్నాయి. ఆ బరిలో ఒకటే కట్టుబాటు. దెబ్బ తిన్నవాడే "తగిలింది" అని చెప్పి కూర్చోవాలి.

కుందేలు పిల్ల వేసిన దెబ్బ ఎలుగు పిల్ల సొరబుర్రకు ఠప్పుమని తగిలింది. ఎలుగు పిల్ల నోరు విప్పలేదు. కుందేలు ఇంకాస్త గట్టిగా వేసింది. అయినా ఉలుకూ పలుకూ లేదు. దాంతో ఒళ్లు మండి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. సొరబుర్ర పగిలింది.

"ఆగండి!" అని గురువు ముసలి ఉడుము అరిచేలోపే తండ్రి ఎలుగుబంటి బరిలోకి దూకింది.

"ఏం గురువుగారూ, గుడ్లప్పగించి చూస్తున్నారే! ఆ కుందేలుది దొంగాట. మావాడికి దెబ్బే తగల్లేదు. గెలిచింది మావాడే!"

"పగిలిన సొరబుర్ర కళ్లముందుంటే ఇంకా బుకాయిస్తావా? సిగ్గులేదూ?" ఉడుము మండిపడింది. "వాడు 'తగిలింది' అనకపోతే ఎదుటివాడికి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? ఇంకోటి పడితే తలే పగిలేది!"

"మావాడు అబద్ధమాడడు. చెప్పరా, తగిలిందా?" అని తండ్రి గద్దించింది.

ఎలుగు పిల్ల పగిలిన సొరబుర్ర ఊడబీకి నేలకేసి కొట్టింది.

"తగిలింది! మొదటి దెబ్బే తగిలింది! ఓడిపోతే ఇంటికెళ్లాక నువ్వు కొడతావనే చెప్పలేదు. నీ దెబ్బలకంటే ఇవే నయం!"



ఉడుము తన వెదురు కత్తి ఎత్తి బయటికి దారి చూపించింది. పిల్లకు కాదు, తండ్రికి.

"నడు."