దిండు కింద ముడుపు

కలిపిన కీమో మందు స్టాండుకు వేలాడుతోంది. నాలుగో నంబరు మంచం మీద బాలలక్ష్మి చెయ్యి కొంగులో దాచుకుని కూర్చుంది.

"సూది వద్దంటే వద్దు," అంది మూడోసారి.

నర్సు శ్రీకళ గోడ గడియారం వైపు చూసింది. సాయంత్రం దాటితే ఆ మందు పనికిరాదు. బాలలక్ష్మికీ అట్టే వ్యవధి లేదు. రెండేళ్ళ క్రితం ఆపరేషన్ చేసి తీసేసిన క్యాన్సర్ ఇప్పుడు ఊపిరితిత్తుల్లో తేలింది. నాలుగు మాటలకే ఆయాసం వస్తోంది.

వద్దనడానికి కారణం వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. జుట్టు.

కొమురవెల్లి మల్లన్నకు తలనీలాలు మొక్కుకుందట. ఏడాది నిండాక ఇస్తానని మొక్కు. వచ్చే ఆదివారానికి నిండుతుంది. ఈ మందు ఎక్కితే నెల రోజులు జనంలోకి పోకూడదు. అప్పటికి తల మీద వెంట్రుక మిగలదు. దేవుడికి ఒప్పుకున్న జుట్టు ఎల్బీనగర్ ఆస్పత్రి బాత్రూములో రాలిపోతే ఎలా?

చేతికర్ర టకటకలాడింది. వార్డంతా సర్దుకుంది. డాక్టర్ ప్రసన్నకుమార్ వస్తున్నారన్నమాట. నిరుడు తుర్కయంజాల్ దగ్గర కారు బోల్తాపడ్డప్పటి నుంచి ఆయనకు కర్ర తప్పడం లేదు. కోపం మాత్రం అంతకుముందు నుంచే ఉంది. తాయెత్తులు, విభూతి, దారాలు లోపలికి తేరాదని తలుపు మీద బోర్డు రాయించింది ఆయనే. బాలలక్ష్మికి ఆపరేషన్ చేసిందీ ఆయనే.

"ఆదివారం దాకా ఆగితే మీరు కారులో కూడా కూర్చోలేరమ్మా. ఇవాళే ఎక్కించాలి."

"మొక్కు తప్పితే పాణం పోతది సారూ."

"తప్పకపోతేనే పోతుంది," అని ఆయన విసవిసా బయటికి నడిచారు.

శ్రీకళ వెనకే వెళ్ళింది. "ఆమె దేన్ని నమ్ముతదో మనం ముందే అడిగుంటే అయిపోతుండె సార్. కేస్ షీట్ల బీపీకి గడి ఉంది, షుగర్‌కు ఉంది. దీనికి లేదు."

"నమ్మకానికి డోసెంతో చెప్పు, రాసేస్తాను."

ఆ మాట అనేశాక ఆయన గొంతు తగ్గింది. "నలభై ఒక్క రోజుల దీక్ష అని మందు మానేసి వెళ్ళినాయన గుర్తున్నాడా? స్ట్రెచర్ మీద తిరిగొచ్చాడు. ఈవిడ కూడా అలా వస్తే నేను చూడలేను శ్రీకళా."

డాక్టరుగారి కళ్ళలో నీళ్ళు శ్రీకళ ఎప్పుడూ చూడలేదు. గబగబా మంచం దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, జుట్టు ఈడనే కత్తిరిద్దాం. ఎవరితోనన్న గుడికి పంపిద్దాం."

బాలలక్ష్మి దిండు కింద తడిమి పసుపు గుడ్డలో కట్టిన ముడుపు తీసి చూపించింది. బోర్డుకు దొరకకుండా ఎలా తెచ్చిందో ఆ మల్లన్నకే తెలియాలి.

"అట్ల నడ్వది బిడ్డా. నేనన్న పోవాలె, ఇది ఎవరి పేరున గట్టిననో ఆ మనిషన్న పోవాలె. దీన్ని ఇప్పేది గూడ ఆ మనిషే."

"రెండూ నువ్వేనాయె."

బాలలక్ష్మి ముడుపును మళ్ళీ దిండు కిందికి తోసింది.

నాలుగు గంటలైంది. డాక్టరుగారు చేతిలో కాగితంతో వచ్చారు. చికిత్స వద్దంటున్నానని, ఏం జరిగినా నాదే పూచీ అని అందులో ఉంది. బెదిరించడానికి తెచ్చారు. చదివి వినిపిస్తే దారికొస్తుందనుకున్నారు. ఆమె చివరిదాకా విని, వంకర అక్షరాలతో సంతకం పెట్టేసింది. ఆయన మొహం పాలిపోయింది.

సాక్షి సంతకం భర్త పెట్టాలి. అల్మాస్‌గూడలో కూరగాయల బండి మూసేసి వచ్చిన పోచయ్య పొద్దున్నుంచీ గోడవారగా నిలబడే ఉన్నాడు. శ్రీకళ పెన్ను చేతికిచ్చింది.

"మీరైనా చెప్పండి పోచయ్యా," అన్నారు డాక్టరుగారు. అది ఆర్డరు కాదు, బతిమాలడమే. "ఆవిడ ప్రాణం కంటే ఆ మొక్కు ఎక్కువా?"

"ఎవలికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది సారూ."

"నువ్వు నోరు మూస్కో," అంది బాలలక్ష్మి. దగ్గు తెర అడ్డం వచ్చి ఇంకేమీ అనలేకపోయింది.

పోచయ్య ఆమె వైపు చూశాడు. వేలాడుతున్న సీసా వైపు చూశాడు. పెన్ను కింద పెట్టేసి, దిండు కిందికి చెయ్యి పోనిచ్చి ముడుపు బయటికి తీశాడు. దాన్ని పెళ్ళానికివ్వలేదు. డాక్టరుగారి అరచేతిలో పెట్టి, రెండు చేతులా ఆయన పిడికిలి మూశాడు.

"మీరే ఇప్పుండ్రి సారూ, కారు బోర్లవడి మీరు పైన ఐసీయూల ఉన్ననాడు, ఏడాది దాక మీరు పాణంతోని ఉంటే సాలని మీ పేరున గట్టిన ముడుపిది."